మన దస్తర్‌ఖాన్, మన పొలం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. బి.ఇడి. చేసి బడిలో చేరిన రోజు నుంచీ నా పని అదే కాబట్టి ఆ మాటలు చెప్పడం సులువే. అయితే ఈ ఏడాది నేరుగా చదువు దగ్గరికి రాను. తిండి, పొలం, రంగు అనే మూడు సందులు తిరిగి వస్తాను. పెద్దలు కాస్త ఓపిక పట్టాలి. నా క్లాసులో పిల్లలు రోజూ పడుతూనే ఉన్నారు!

మన సంఘం జమాఖర్చుల కాగితం మీ అందరి చేతుల్లో ఉంది. అందులో పెద్ద పద్దులు రెండు. ఒకటి రంజాన్ రేషన్, ఇఫ్తార్ ఖర్చు. రెండోది స్కాలర్‌షిప్‌లు. మొదటి పద్దు కింద ఒక చిన్న వరస ఉంది, చాలామంది దాన్ని చూసి ఉండరు: దస్తర్‌ఖాన్ రోల్స్. ఇఫ్తార్‌కి మసీదు వరండాలో పరిచే పల్చటి ప్లాస్టిక్ చుట్ట. పూలు అచ్చేసి ఉంటాయి. పరుస్తాం, ఖర్జూరాలు, పండ్ల ముక్కలు పెడతాం, లేచాక గింజలతో, తొక్కలతో సహా చుట్టి డబ్బాలో పడేస్తాం. ముప్పై రోజులూ అంతే. అది సంఘం సొమ్ములో పెద్ద మొత్తమేమీ కాదు. నాకు బాధ డబ్బు గురించి కాదు.

మనం ఉన్నది బందరు పక్కన. ఒకప్పుడు ఇరాన్ దేశానికి దస్తర్‌ఖాన్‌లు పంపిన ఊరు ఇది. అక్కడివాళ్లు సుఫ్రా అంటారు. భోజనానికి నేల మీద పరిచే గుడ్డ. మచిలీపట్నం అద్దకందారులు ఆ సుఫ్రాలు, జానమాజ్‌లు, గోడకు వేలాడదీసే తెరలు చేసి ఓడలకెక్కించేవారు. కలంకారీ అన్న మాటే పారసీ మాట. కలం అంటే మనం రాసుకునే కలమే, కారీ అంటే పని. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం వాళ్ల ప్రధాన రేవు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ కొట్లు తెరిచింది ఈ బట్టల కోసమే. శ్రీకాళహస్తిలో కలంతో రామాయణ, భారత కథలు గీశారు. మన వైపు చెక్క అచ్చులతో పూలు, తీగలు, సరువు చెట్టు, మామిడి పిందె, మిహ్రాబు తోరణం వేశారు. కొనేవాడి ఇల్లు ఎలాంటిదో తెలిసి గీసిన గీత అది. గోల్కొండ ప్రభువులు కానుకల మీద కప్పే రుమాళ్లు కొన్ని మిగిలాయి. 1640ల నాటి రుమాలు ఒకటి ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూడాలంటే మన పిల్లలు సముద్రాలు దాటాలి. దాన్ని చేసిన పనివాళ్ల వారసులను చూడాలంటే పెడన బస్సెక్కితే చాలు.

ఆ గుడ్డ ఎలా తయారయ్యేదో కాస్త నిదానంగా చెబుతాను. నా మాట మొత్తం దీని మీదే నిలబడింది.

నూలు గుడ్డను ముందు బాగా ఉతికి గంజి వదిలిస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెడతారు. గేదె పాలు కూడా కలిపితే రంగు పక్కకు పాకకుండా గీత నిలుస్తుంది. నల్ల రంగుకు తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ పులుపు నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలితే చాలు, నల్లబడుతుంది. బందరు లడ్డులోకి వెళ్లే బెల్లమూ అదే, ఈ నలుపులోకి వెళ్లే బెల్లమూ అదే. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పుడు ఏ రంగూ కనిపించదు. గుడ్డను కాలువలో ఉతికి, పెద్ద రాగి పాత్రలో చిరువేరుతో ఉడకబెడితే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు లేచి వస్తుంది. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క. నీలానికి నీలిమందు చెట్టు ఆకు.

ఈ వస్తువులను ఒకసారి లెక్కపెట్టండి. పత్తి చేను నుంచి వచ్చింది. బెల్లం చెరకు తోట నుంచి. పాలు మన గేదె నుంచి. చిరువేరు తీరంలోని ఇసుక నేలల నుంచి. పేదవాళ్లు ఆ నేలల్లో తవ్వి, సన్నటి వేళ్లు ఏరి, కట్టలు కట్టి అమ్మేవాళ్లు. పెటపోలి అని తెల్లవాళ్లు రాసుకున్న ఊరు మన నిజాంపట్నం. 17వ శతాబ్దపు వర్తకుల రాతల్లో అక్కడి చిరువేరుకు ప్రత్యేకమైన పేరుంది. నీలిమందు చెట్టు పప్పు జాతి మొక్క. రంగు తీశాక మిగిలిన పిప్పిని మళ్లీ పొలంలోనే ఎరువుగా వేసేవాళ్లు. ఇన్ని పొలాలు, ఒక అడవి, ఒక కాలువ కలిస్తే ఒక దస్తర్‌ఖాన్. దాని మీద పెట్టిన అన్నం కూడా ఆ నేలల నుంచే. ఆనాటి అద్దకందారుడు, రైతు ఒకరినొకరు ఎరుగుదురు. ఈయనకు పంట పోతే ఆయనకు రంగు పోయేది.

మరి ఎప్పుడు తెగిపోయింది?

ఒక్కసారిగా తెగలేదు. మన రంగు బట్టలు ఇంగ్లండులో నేతగాళ్ల పొట్ట కొడుతున్నాయని అక్కడ 1700లో, మళ్లీ 1721లో చట్టాలు చేశారు. ఆ దెబ్బ నుంచి కొంత తేరుకున్నారు, ఇరాన్ బేరం ఉంది కాబట్టి. 1864 తుపానులో బందరు సగం కొట్టుకుపోయింది. వేల ప్రాణాలు పోయాయి. అయినా పని ఆగలేదు. అసలు దెబ్బ చప్పుడు చేయకుండా వచ్చింది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మాన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారు చేశారు. గమనించండి, ఇది నకిలీ రంగు కాదు. చిరువేరులో ఉండే ఎరుపు పదార్థమే అలిజరిన్. అదే ఎరుపు సీసాలో దొరికింది, పొలం అక్కర్లేకుండా పోయింది. 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ నీలిమందును కూడా అలాగే ఫ్యాక్టరీలో చేసి అమ్మకానికి పెట్టింది. ఇసుక నేలల్లో వేళ్లు తవ్వేవాళ్ల పని పోయింది. వాళ్ల కోసం ఎవరూ కంటతడి పెట్టలేదు, ఎందుకంటే గుడ్డ మీద ఎరుపు అలాగే ఉంది. చూసేవాడికి తేడా తెలియలేదు.

ఇవాళ పెడనలో ఎరుపుకు ఎక్కువగా వాడేది అలిజరినే. దాన్ని నేను తప్పుపట్టను. అంతకంటే ముందుకు పోయినవాళ్లూ ఉన్నారు. అచ్చు చెక్క పక్కన పెట్టి, స్క్రీన్ మీద రసాయన రంగులతో గంటకు ఎన్ని గజాలైనా తీస్తారు. చూడటానికి కలంకారీలాగే ఉంటుంది, పేరు కూడా కలంకారీయే. టేకు చెక్క మీద అచ్చు చెక్కేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఒకరిని, మీ పిల్లలకు నేర్పుతున్నారా అని అడిగాను. "మాస్టారూ, మా వాడు బెంగుళూరులో ఉన్నాడు, బాగానే ఉన్నాడు, అల్లా దయ" అన్నాడాయన. ఆ జవాబుకు నా దగ్గర మారు మాట లేదు.

పొలం కథ ఇంకో వైపు నడిచింది. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు పారాక మన డెల్టా వరి దేశమైంది. అంతకుముందు మెట్ట పంటలు తినే ఊళ్లు తెల్లన్నానికి వచ్చాయి. అక్కుళ్లు, కృష్ణకాటుకలు అని వరి రకాలు ఉండేవి. మా తాతగారు ఆ పేర్లు చెబుతుంటే కవిత్వం విన్నట్టు ఉండేది. రైతే ఆ పేర్లు పెట్టాడు, కాటుక రంగు కంకి చూసి. ఆ తర్వాత అంకెల పేర్లు వచ్చాయి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, ఇవాళ ఇన్ని రాష్ట్రాల్లో కంచాల్లోకి చేరింది. అది చిన్న విజయం కాదు. పాత రోజులు బంగారం అని నేను చెప్పడానికి రాలేదు. పాత రోజుల్లో కరువులూ ఉన్నాయి. గంజి నీళ్లతో రోజా విప్పిన ఇళ్లు మన పెద్దలకు గుర్తున్నాయి.

తర్వాత చేపల చెరువులు వచ్చాయి. కైకలూరు వైపు మొదలై మన వైపు పాకాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలామందిని ముంచింది. 2009 తర్వాత వనామీ. నాలుగు డబ్బులు కళ్లజూసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ల జకాత్‌తో మన పిల్లలు చదువుతున్నారు, అల్లా వాళ్ల సంపాదనలో బరకత్ ఇవ్వాలి. కానీ ఉప్పు నీటి చెరువు పక్క చేను సంగతి ఆ చేను రైతును అడగాలి. కాలువ నీళ్ల సంగతి అద్దకం షెడ్డులో అడగాలి. కలంకారీ గుడ్డను పారే నీటిలో ఉతికితేనే అదనపు పటిక, కారం వదిలి రంగు శుభ్రంగా పడుతుంది. కాలువలు కట్టేసిన వేసవి నెలల్లో అది కష్టం. పారినా నీళ్లు బాగుండకపోతే ఇంకా కష్టం. వరి రైతు, రొయ్య రైతు, అద్దకం పనివాడు ముగ్గురూ ఒకే కాలువ మీద బతుకుతున్నారు. ఇదివరకు ఇద్దరికీ పొత్తు ఉండేది, ఇప్పుడు ముగ్గురికీ పేచీ ఉంది.

గుడ్డ ఒక్కటే కాదు, పాట కూడా పొలం మీదే బతికింది. నాట్లు వేసేటప్పుడు వరసగా వంగిన ఆడవాళ్లు ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఆ పాటకు చేతి వేగమే తాళం. ఇప్పుడు మన వైపు చాలా చోట్ల విత్తనాలు వెదజల్లే పద్ధతి, కోతకు యంత్రం. కూలి దొరకదు, దొరికినా గిట్టదు, రైతును ఏమనగలం? నాటు లేకపోతే నాటు పాట లేదు. దాన్ని ఎవరూ నిషేధించలేదు. పాడే సందర్భం పోయింది, అంతే.

దూదేకుల వృత్తి కూడా అలాంటిదే. పత్తి ఏకి పరుపులు, బొంతలు కుట్టిన ఇళ్లు మన సమాజంలో ఎన్నో. పత్తి చేనుకీ, పడక మంచానికీ మధ్య నిలబడ్డ పని. ఆ విల్లు మోత వింటూ పెరిగిన ఇళ్ల నుంచి ఎంత గొప్ప కళ వచ్చిందో మనం పిల్లలకు చెప్పం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దూదేకుల ఇంటి బిడ్డ. బుర్రకథకు ఆయన పెద్ద దిక్కు. ప్రజానాట్యమండలితో ఊరూరా తిరిగాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు అందరికీ తెలుసు. ఆయన చెప్పిన కథల్లో బెంగాల్ కరువు కూడా ఉంది. 1943లో బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది ఆకలితో, దాని వెంట వచ్చిన జబ్బులతో చనిపోయారని అంచనా. ఎక్కడో ఉన్న బెంగాలు రైతు ఆకలిని ఇక్కడి పల్లెటూరి రచ్చబండ మీద కథగా చెప్పిన మనిషి ఒక తెలుగు ముస్లిం. పేపరు చదవడం రానివాళ్లకు ఆ సంగతి తంబురా మీద అందింది. కళ ఏం చేస్తుంది మాస్టారూ, కడుపు నింపుతుందా అని నన్ను అడిగేవాళ్లకు నేను నాజర్ పేరు చెబుతాను. కడుపు మాడుతున్నవాడి గురించి కడుపు నిండినవాడికి చెప్పే పని కళది.

ఇంకో సంగతి కూడా చెప్పనివ్వండి, ఇది కొంచెం పక్కకు పోవడమే. మాళ్వా సుల్తాను ఘియాసుద్దీన్‌కి తిండి మీద మహా ఇష్టం. మాండూ కోటలో ఆయన వంటల పుస్తకం ఒకటి రాయించి బొమ్మలు వేయించాడు. పేరు నిమత్‌నామా. 1500 ప్రాంతంలో తయారైంది. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో సమోసాలు ఉన్నాయి, కానీ బంగాళాదుంప లేదు. మిరపకాయ లేదు, టమాటా లేదు. అవన్నీ అమెరికా ఖండం నుంచి ఆ తర్వాత వచ్చినవే. మన అమ్మమ్మల వంట అనుకునే దానిలో సగం సరుకు ఐదు వందల ఏళ్లకు లోపుదే. ఆ సుల్తాను చిత్రకారులకు జీతమిచ్చాడు కాబట్టి ఈ సంగతి మనకు కళ్లకు కట్టినట్టు తెలిసింది. తిండి ఎప్పుడూ మారుతూనే ఉంది. ఎలా మారిందో గీసి పెట్టినవాడు ఉంటేనే తర్వాతివాళ్లకు ఆచూకీ.

మన పిల్లలు ఇప్పుడు ఏం గీస్తున్నారు? ఎనిమిదో తరగతి పిల్లలకు ఒకరోజు తెల్ల కాగితాలిచ్చి, మీ ఇంటికి బియ్యం ఎక్కడి నుంచి వస్తుందో గీయమన్నాను. ఎక్కువమంది దుకాణం గీశారు. ఇరవై ఐదు కిలోల సంచి, దాని మీద కంపెనీ బొమ్మ కూడా చక్కగా దించారు. కొందరు రేషన్ బండి గీశారు, నిజాయితీగా. ఒక అబ్బాయి కోత యంత్రం గీశాడు, ప్రతి చక్రం సరిగ్గా. ఒక అమ్మాయి మాత్రం చేను గీసి, గట్టు మీద ఒక మనిషి తల పట్టుకుని కూర్చున్నట్టు గీసింది. ఎవరమ్మా అంటే "మా అబ్బా సార్, వానకి చేను పడిపోయింది" అంది. బడి చుట్టూ మూడు వైపులా వరి చేలే. కిటికీలోంచి కనిపించేదాన్ని నలభై మందిలో ఒక్క పిల్ల చూసింది. అది పిల్లల తెలివి తక్కువతనం కాదు. చూడమని మనం ఎప్పుడూ చెప్పలేదు. సైన్సు పుస్తకంలో వరి మొక్క బొమ్మ ఉంది, దాన్ని పరీక్షకు గీస్తారు. పక్క చేలో వరికీ, ఆ బొమ్మకీ సంబంధం ఉందని తట్టదు.

మన దీన్‌లో మాత్రం ఆ సంబంధం చాలా గట్టిది. ఒకరు మొక్క నాటినా విత్తనం చల్లినా, దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవారికి సదఖా అవుతుందని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పిన సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పంట మీద ఇచ్చే ఉష్ర్ లెక్క చూడండి. వాన నీటితో పండితే పదో వంతు. మనిషి కష్టపడి నీళ్లు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. రైతు చేతి కష్టాన్ని లెక్కలోకి తీసుకుని సగం తగ్గించిన ధర్మం ఇది. మన సంఘం లెక్కల్లో ఆ చేతి కష్టానికి చోటు ఎక్కడుంది? రైతుకూ లేదు, అద్దకం పనివాడికీ లేదు. వాళ్లు ఫిత్రా తీసుకునే జాబితాలో ఉన్నారు. అంతకుమించి లేరు.

అందుకని ఈ సభను రెండు కోరికలు కోరతాను. ఇవి జకాత్ సొమ్ముతో చేయమనడం లేదు. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాలను అడిగే చేయాలి. నేను అడిగేది లిల్లాహ్ ఖాతాలోంచి.

ఒకటి, వచ్చే రంజాన్‌కి మనం ఇఫ్తార్ ఇచ్చే మసీదుల్లో ప్లాస్టిక్ చుట్ట మానేసి, చెక్క అచ్చుతో, కరక్కాయ, బెల్లం, ఇనుము, అలిజరిన్‌తో చేసిన గుడ్డ దస్తర్‌ఖాన్‌లు పెడనలో చేయించుకుందాం. ధర ఎక్కువే. ప్లాస్టిక్ చుట్టతో పోలిస్తే చాలా ఎక్కువ. అయితే అది ఒక్క పూటకు కాదు. రంగు నిలుస్తుందా అనే అనుమానం అక్కర్లేదు, తయారీలోనే ఎన్నోసార్లు ఉడికి, ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ అది. కార్యవర్గంలో ఒక సోదరుడు నిన్న నన్ను అడిగారు, "బిర్యానీ నూనె పడితే ఎవరు ఉతుకుతారు మాస్టారూ?" అని. సరైన ప్రశ్న. ప్రతి మసీదుకూ రెండు జతలు కావాలి, ఉతికేవాళ్లకు కూలి ఇవ్వాలి. ఆ కూలిని ఖర్చులో చూపించకుండా ఈ పని మొదలుపెట్టకండి. లేకపోతే పదో రోజుకు ముఅజ్జిన్‌గారి ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది, ఇరవయ్యో రోజుకు మళ్లీ ప్లాస్టిక్ వస్తుంది. మరక కనపడకుండా అంచు నల్లగా, మధ్య ముదురు ఎరుపు పెట్టమని పనివాళ్లే సలహా ఇస్తారు. ఇరాన్‌వాళ్లకు నూనె పడదా ఏమిటి? మూడు వందల ఏళ్ల కిందట వాళ్లూ ఇదే అడిగి ఉంటారు.

ఆర్డరు మాత్రం రంజాన్‌కు నెల ముందు ఇస్తే లాభం లేదు. కాలువలో నీళ్లుండే రోజులు చూసి ఇవ్వాలి. డబ్బులో కొంత ముందే ఇవ్వాలి. ఈ రెండూ కుదరకపోతే అద్దకందారు స్క్రీన్ మీద చేసి ఇస్తాడు, మనకు తేడా తెలియదు కూడా.

రెండోది స్కాలర్‌షిప్. దీని గురించి కొంచెం గట్టిగా మాట్లాడతాను, మన్నించాలి. మా బడిలో టెన్త్ పాసైన ఒక కుర్రాడు ఉన్నాడు. పేరు చెప్పను. తండ్రి కౌలు రైతు, తల్లి అద్దకం షెడ్డులో రోజు కూలి. ఆ కుర్రాడి నోటు పుస్తకం వెనక పేజీల్లో వరి తెగుళ్ల బొమ్మలుండేవి. సుడిదోమ, ఆకుముడత, అగ్గితెగులు సోకిన ఆకు మీద కండె ఆకారపు మచ్చ. పెన్సిలుతో ఎంత పరిశీలనగా గీశాడంటే, మా ఊరికి వచ్చిన వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకాయన ఆ పుస్తకాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు. తల్లి దగ్గర తీగ గీయడం నేర్చాడు, తండ్రి దగ్గర పురుగును చూడటం నేర్చాడు. టెన్త్ తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా, అగ్రికల్చర్ పాలిటెక్నిక్‌లో చేరతానన్నాడు. తండ్రి నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మనవాళ్ల సంఘమే కదా, ఒక మాట అడిగి చూడండి" అన్నాడు.

నేను ఫారం తెచ్చాను. కోర్సు అన్న చోట నాలుగే గళ్లు: ఇంజనీరింగ్, మెడిసిన్, ఫార్మసీ, డిగ్రీ. వ్యవసాయానికి గడి లేదు. ఇతరములు అన్న గడి కూడా లేదు. అడిగితే ఈ సంవత్సరానికి నియమాలు అంతే అన్నారు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, నియమం రాసిన రోజుల్లో అందరం ఇంజనీరింగే చదువు అనుకున్నాం. ఆ కుర్రాడు ఇప్పుడు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటున్నాడు. నెల జీతం ఇంటికి ఇస్తున్నాడు. బొమ్మలు వేస్తున్నాడో లేదో నేను అడగలేదు.

ఇంజనీర్లు వద్దని నేను అనను. మన స్కాలర్‌షిప్‌తో చదివి గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో స్థిరపడిన పిల్లలు ఇవాళ దాతలుగా ఈ వరసల్లో కూర్చున్నారు, చూస్తే నా గుండె నిండుతుంది. కానీ మన ఫారంలో గడి లేని చదువు చదువు కాదని పిల్లలు అనుకుంటారు. ఫారం చిన్న కాగితమే, ఇళ్లలో దాన్ని పెద్దగా చదువుతారు. కొడుకును రైతును చేయడానికి చదివించాలా అని బంధువులు నవ్వినప్పుడు ఆ తండ్రి చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి.

ఖర్చు భయపడేంత కాదు. వ్యవసాయ డిప్లొమా రెండేళ్లదే. ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు ఫీజు స్వల్పం. ఆ సర్టిఫికెట్‌తో డ్రాయింగ్ టీచరు ఉద్యోగానికి దారి ఉంది. ఆపైన చదవాలనుకునేవాళ్లకు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కి ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం పెట్టారు. మొదటి ఏడాది వ్యవసాయానికి ముగ్గురు, చిత్రకళకు ముగ్గురు, మొత్తం ఆరుగురు చాలు. వాళ్లలో సగం ఆడపిల్లలు ఉండాలి. పెడన షెడ్డుల్లో రంగు నింపే చేతులు చాలావరకు ఆడవాళ్లవే, కానీ డిజైన్ ఎవరిదని అడిగితే వాళ్ల పేరు వినపడదు. స్కాలర్‌షిప్ తీసుకున్న ఆరుగురూ సెలవుల్లో ఒక నెల అచ్చు చెక్కే ఉస్తాదు దగ్గరో, పొలంలోనో పని నేర్చుకోవాలని షరతు పెట్టండి. ఉస్తాదుకు గౌరవ వేతనం ఇవ్వండి. ఉచితంగా నేర్పమని మాత్రం ఆయన్ని అడగకండి. ఆ రోజు కూలి పోతుంది ఆయనకు.

ఫారాలు జూన్ మొదటి వారంలో అచ్చుకు వెళతాయని కార్యదర్శిగారు చెప్పారు. వ్యవసాయం, చిత్రకళ అని రెండు గళ్లు కలపడానికి కార్యవర్గం తీర్మానం కావాలట. సమావేశం వచ్చే ఆదివారం జుహర్ తర్వాత ఉంది. ఈ రెండు గళ్లలో మొదటి ఏడాది ఒక్కొక్కరి ఖర్చు భరిస్తామనే దాతలు ఈ సాయంత్రమే నా దగ్గర పేరు రాయించండి. ద్వారం పక్క బల్ల మీద పుస్తకం పెట్టాను. మొదటి పేరు నాది రాశాను. ఆ కుర్రాడి ఇంటికి ఫారం తీసుకెళ్లే పని కూడా నాదే.